గుర్రం సంగతులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో మలక్‌పేట రేసుకోర్సు గురించి రాస్తూ, లష్కర్ (సికింద్రాబాద్) దండులో ఒకప్పుడు ఆస్ట్రేలియా గుర్రాలు ఉండేవని, వాటిని పెంచింది అక్కడి వలస రైతులు, పశువుల స్టేషన్ల (పెద్ద పెద్ద మేత భూముల) వాళ్లేనని అన్నాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా తాతగారు సికింద్రాబాద్ దండు లాయాల్లో సైసుగా (గుర్రాలు చూసుకునే మనిషిగా) పనిచేశారు. ‘వేలరు గుర్రం’ అని మాటమాటకీ అనేవారట. అది ఏ జాతి? మన దక్కనీ గుర్రాలుండగా అంత దూరం నుంచి ఎందుకు తెచ్చుకున్నారు? (బొల్లారం, రిసాలాబజార్ పాఠకుడు)

జవాబు: వేలర్ అనేది మొదట జాతి పేరు కాదు, ఊరి పేరులాంటిది. న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడలో దిగిన గుర్రం కాబట్టి ఇక్కడి దండుల వాళ్లు ‘వేలర్’ అన్నారు. ఆ పేరు పెట్టింది ఇండియాలోనే. 1788లో సిడ్నీకి వెళ్లిన మొదటి ఓడలు దారిలో ఆఫ్రికా కొసన కేప్ రేవులో కొన్ని గుర్రాల్ని ఎక్కించుకున్నాయి. తర్వాత అరబ్బు గుర్రాలు, పందెపు జాతి థరోబ్రెడ్లు, తిమోర్ పొట్టి గుర్రాలు, బరువు లాగే క్లైడ్స్‌డేల్‌లు వచ్చి చేరాయి. ఆ కలగాపులగం నుంచి పుట్టిందే వేలర్.

ఎత్తు సుమారు 15 నుంచి 16 హ్యాండ్లు. హ్యాండ్ అంటే 4 అంగుళాలు. సమంగా ఉన్న నేల మీద గుర్రాన్ని నిలబెట్టి, నేల నుంచి మూపు మీది ఎత్తైన చోటు దాకా కొలవాలి. తల దాకా కాదు. 15.2 అని రాసుంటే పదిహేనున్నర హ్యాండ్లు, అంటే 15 హ్యాండ్ల 2 అంగుళాలు, 157 సెంటీమీటర్ల పైచిలుకు. చుక్క తర్వాతి అంకె అంగుళాల లెక్క కాబట్టి 3 దాటదు. కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే.

భీమా నది లోయలో పెరిగిన దక్కనీ గుర్రం మొండిది, తక్కువ మేతతో బతికేది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే మేం ఒప్పుకోం. కాకపోతే అది చిన్నది. దండు సవారు తన బరువు, జీను, కత్తి, బందూకు, మేత సంచి కలిపి వంద కిలోలు దాటేవాడు. అంత మోసుకుని రోజుల తరబడి నడవాలంటే ఎముక మందం కావాలి. పెద్ద బీళ్లలో, రాతి నేలల మీద నాలుగేళ్లు వదిలేసి పెంచిన వేలర్‌కు ఆ ఎముక, ఆ గిట్ట ఉండేవి. మద్రాసు, కలకత్తా రేవుల్లో దిగేవి. దక్షిణాదిలో హోసూరు రిమౌంట్ డిపో (సైన్యానికి గుర్రాలు సమకూర్చే కేంద్రం) వీటిని అలవాటు చేసి దండులకు పంపేది.

ఇక్కడికొచ్చాక వాటిని పడగొట్టింది యుద్ధమే కాదు, ఈగ కూడా. జోరీగలు మోసుకొచ్చే సుర్రా జ్వరం ఆస్ట్రేలియాలో లేదు. దాన్ని ఎన్నడూ ఎరగని గుర్రం ఇక్కడ కొద్ది వారాల్లో కాళ్లు వాచి, చిక్కి పడిపోయేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా నుంచి లక్షా ఇరవై వేలకు పైగా గుర్రాలు విదేశాలకు వెళ్లాయి. తిరిగి ఇంటికి చేరింది ఒక్కటే, శాండీ అని.

ప్రశ్న: పొలం దున్నుకునే రైతులకు గుర్రప్పందేలు ఎందుకు? జూదం పిచ్చే కదా? (ఓయూ క్యాంపస్ నుంచి చరిత్ర విద్యార్థిని)

జవాబు: జూదం లేదని అనం, ఉంది. కానీ అదొక్కటే అయితే న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీకి వలస ఓడలు 1850 చివర్లో దిగితే, 1854 కల్లా అక్కడ జాకీ క్లబ్బు ఎందుకు పెట్టుకుంటారు? రోడ్లు సరిగా లేవు, రైలు లేదు. డాక్టరును పిలవాలన్నా, గొర్రెలమంద వెనక పోవాలన్నా, గింజలు రేవుకు చేర్చాలన్నా గుర్రమే. ఏ మగ గుర్రం పిల్లలకు దమ్ము ఉంటుందో ముందే తెలియాలి. చూపులకు బాగున్న గుర్రం అమ్మేవాడి మాటల్లో ఎప్పుడూ మేలుజాతిదే. పందెంలో మాత్రం అబద్ధం నిలవదు. అందుకే పందెం అక్కడ సంతలో బేరానికి ముందు వేసే తూకం.

తొలి రోజుల్లో పందెం ఒక్క దౌడుతో తేలేది కాదు. 1810 అక్టోబరులో సిడ్నీ హైడ్ పార్కులో జరిగిన మొదటి అధికారిక రేసుల్లోనూ, ఆ తర్వాత పల్లె మైదానాల్లోనూ ‘హీట్లు’ ఉండేవి. అదే గుర్రం అదే రోజు రెండు మైళ్ల చొప్పున రెండు మూడుసార్లు పరుగెత్తి, మూడింట రెండు గెలవాలి. మధ్యలో కాసేపు తిప్పి, చెమట తుడిచి మళ్లీ నిలబెట్టేవారు. ఊపిరి పట్టలేనిది రెండో హీట్‌లోనే బయటపడేది. తర్వాత్తర్వాత రెండేళ్ల పిల్లలతో ఐదారు ఫర్లాంగుల చిన్న పందేలు పెరిగాయి. ఫర్లాంగ్ అంటే 201 మీటర్లు. వేగం పెరిగింది గానీ నాగలికీ బండికీ పనికొచ్చే ఎముక సన్నబడుతోందని రైతులు మొత్తుకున్నారు. వాళ్ల మాటలో న్యాయముందనే మేం అనుకుంటాం. దేన్ని కొలిచి ఏరితే అదే పెరుగుతుంది.

బరువులతో పరీక్షించడం ఇంకో పద్ధతి. మెరుగైన గుర్రం మీద ఎక్కువ బరువు వేసి అందరినీ సమం చేస్తే హ్యాండికాప్. మలక్‌పేటలో ఇప్పుడూ ఇదే. 1890 మెల్‌బోర్న్ కప్‌లో కార్బైన్ అనే గుర్రం 10 స్టోన్ల 5 పౌండ్లు, అంటే దాదాపు 66 కిలోలు మోసి, 39 గుర్రాల్లో మొదట వచ్చింది. దూరం రెండు మైళ్లు, కాలం 3 నిమిషాల 28¼ సెకన్లు. రెండోదాని మీద దీనికన్నా 53 పౌండ్లు తక్కువ, అంటే 24 కిలోల తేడా! ఇది 1885లో న్యూజిలాండ్‌లో పుట్టింది, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన మస్కెట్ అనే స్టాలియన్‌కు (విత్తనపు మగ గుర్రానికి). 1895లో ఇంగ్లండ్ జమీందారు ఒకాయన దీన్ని 13,000 గినీలకు (గినీ అంటే 21 షిల్లింగులు, పాత ఇంగ్లిష్ డబ్బు లెక్క) కొనుక్కుపోయాడు. దాని కొడుకు స్పియర్‌మింట్ 1906లో ఇంగ్లిష్ డెర్బీ గెలిచింది. వలస పచ్చిక మీద పెరిగిన రక్తం పుట్టింటికి తిరిగి వెళ్లి గెలిచిందన్నమాట.

దీనికి ఎదురు ఉదాహరణ ఫార్ ల్యాప్. 1926లో న్యూజిలాండ్‌లోని టిమారు దగ్గర పుట్టి, 160 గినీలకు అమ్ముడుపోయి, 51 పందేల్లో 37 గెలిచింది. 1930 మెల్‌బోర్న్ కప్ కూడా దానిదే. కానీ చిన్నప్పుడే విత్తులు తీయించేశారు. గెలిచినంతా గెలిచి, ఒక్క పిల్లను కూడా ఇవ్వకుండా 1932లో చనిపోయింది. ఏ పిల్ల ఏమవుతుందో ఏడాది వయసులో తెలియదు కదా. మగపిల్లలన్నిటినీ విత్తనానికి ఉంచుకుంటే పొలంలో కొట్లాటలే. విత్తులు తీయించడం తప్పు కాదు, ఆ నష్టం ఆ పనిలోనే ఉంది.

జూదం లెక్క కూడా చెప్పాలి. 1880 నుంచి న్యూజిలాండ్‌లో టోటలైజేటర్ వచ్చింది. మన దగ్గర ‘టోటు’ అనేది అదే. ఒక పందెం మీద వచ్చిన డబ్బంతా ఒక కుప్ప. లక్ష రూపాయలు వచ్చాయనుకోండి. పన్నులకు, క్లబ్బుకు 20 శాతం మినహాయిస్తే మిగిలేది 80,000. గెలిచిన గుర్రం మీద 10,000 కాసి ఉంటే రూపాయికి 8 రూపాయలు. బుకీతో బేరం ఉండదు. క్లబ్బుకు వచ్చిన వాటాతోనే చిన్న ఊళ్లు కంచెలు వేసుకున్నాయి, బహుమతి సొమ్ము పెంచుకున్నాయి. 1911లో అక్కడ బుకీలను నిషేధించారు. 1913లో ఆక్లండ్ దగ్గర ఎలర్‌స్లీలో లెక్కలన్నీ తనే చేసే మొదటి యంత్రం పెట్టారు.

ప్రశ్న: స్టాలియన్ దగ్గరికి ఆడ గుర్రాన్ని తీసుకెళ్లకుండా, స్టాలియన్‌నే ఊరూరా తిప్పేవారని చదివాను. ఆ పని ఎలా జరిగేది? (సైదాబాద్ పాఠకుడు)

జవాబు: నిజమే. మన పల్లెల్లో ఆబోతు ఊరికొకటి ఉండేది. అక్కడ పొలానికీ పొలానికీ మైళ్ల దూరం. దున్నకాల రోజుల్లో ఆడ గుర్రాన్ని నాగలి విప్పి రెండు రోజుల దారి పంపితే పని ఆగిపోతుంది. అందుకే మగదే వచ్చేది.

వసంతం అక్కడ సెప్టెంబరులో మొదలవుతుంది. దానికి ముందే యజమాని ఒక కార్డు అచ్చు వేయించేవాడు, పత్రికలో ప్రకటన ఇచ్చేవాడు. అందులో పేరు, రంగు, ఎత్తు, తండ్రి, తల్లి, తల్లి తండ్రి, గెలిచిన పందేలు, వ్యవసాయ ప్రదర్శనల్లో వచ్చిన బహుమతులు ఉంటాయి. కింద దారి: సోమవారం ఫలానా హోటలు, మంగళవారం ఫలానా పొలం, శనివారం ఇంటికి. ఆ కింద రుసుము, ఇన్ని గినీలు అని. దానిపైన గుర్రం వెంట నడిచే మనిషికి విడిగా రెండున్నర నుంచి ఐదు షిల్లింగులు. చివరి పంక్తి దాదాపు అన్ని కార్డుల్లో ఒకటే: ‘జాగ్రత్తలు తీసుకుంటాం గానీ, ఆడ గుర్రానికి ఏం జరిగినా మా పూచీ లేదు.’

వారానికి ఒక చుట్టు. ఇక్కడే తెలివి ఉంది. ఆడ గుర్రం సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది, అంటే సరిగ్గా మూడు చుట్లు. మొదటి వారం ఆడదాన్ని దాటిస్తే (మగదానితో కలిపితే), మూడు వారాలకు అదే రోజు అదే మనిషి అదే స్టాలియన్‌తో గేటు దగ్గర నిలబడతాడు. ఆడ గుర్రం మళ్లీ ఒప్పుకుంటే చూడి కట్టలేదు. చెవులు వెనక్కి పెట్టి, కీచుమని వెనక కాళ్లు విసిరితే కట్టినట్టే అనుకోవాలి. స్కానింగులు లేని కాలంలో అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఈనిన గుర్రానికైతే ఏడు నుంచి పన్నెండు రోజుల లోపే తొలి ఎద వస్తుంది, అదీ తరువాతి చుట్టులో అందుతుంది.

గేటు దగ్గర జరిగేది ఇది. మధ్యలో ఛాతీ ఎత్తున గట్టి కర్రల తడిక. అటు ఆడది, ఇటు మగది. ముందు ముక్కుకు ముక్కు, తర్వాత మెడ, తర్వాత పక్క. తొందర పడకూడదు, ఐదు పది నిమిషాలు ఇవ్వాలి. ఎదలో ఉంటే తోక పక్కకు తీసి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి, కొద్దికొద్దిగా మూత్రం వదులుతుంది, యోని పెదాలు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. అప్పుడు తోక మొదలును శుభ్రమైన గుడ్డతో చుట్టి, వెనక భాగం కడిగి, తన్నకుండా వెనక కాళ్లకు తాడు కట్లు వేసేవారు. ఒక్కొక్కదానికి పై పెదవిని తాడు కర్రతో మెలేసి పట్టుకునేవారు. కట్టు ముడి ఒక్క లాగుకు ఊడేలా ఉండాలి. లేకపోతే పడ్డ గుర్రం లేవలేక కాలు విరుగుతుంది.

ఈ పద్ధతిలో లోపం ఉంది, అదీ చెప్పాలి. ఎద ఐదు నుంచి ఏడు రోజులుంటుంది. అండం విడుదలయ్యేది ఎద ముగిసేందుకు ఒకటి రెండు రోజుల ముందు. మగ బీజం గర్భంలో సాధారణంగా రెండు మూడు రోజులు పనిచేస్తుంది. చుట్టు దాని ఎద మొదటి రోజుకు తగిలితే, అండం వచ్చే వేళకు బీజం ఉండదు. అందుకే స్టాలియన్ తర్వాతి మజిలీ దగ్గర్లోనే ఉంటే రెండు రోజులకు గుర్రాన్ని అక్కడికి నడిపించి మళ్లీ దాటించడం మేలు. ఈ రోజుల్లోనూ స్కాన్ లేనిచోట రెండు రోజులకోసారి దాటించమనే చెబుతారు.

రెండోది, అతిగా వాడటం. రోజూ మైళ్లు నడుస్తూ, రోజుకు మూడు నాలుగు దాటిస్తే సీజను చివరికి బీజం పలచబడుతుంది. రోజుకు రెండుసార్లకు మించితే ఎక్కువే, వారంలో ఒక రోజు విశ్రాంతి ఉండాలి. మగ బీజం తయారవడానికి దాదాపు 57 రోజులు పడుతుంది. అంటే ఆగస్టులో స్టాలియన్‌కు తీవ్రమైన జ్వరం వస్తే దెబ్బ అక్టోబరులో తెలుస్తుంది. అప్పుడు ఆడ గుర్రాల మీద నేరం మోపుతారు. చూడి తక్కువ కట్టినప్పుడు ముందు చూడాల్సింది రెండు నెలల కిందట మగదానికి ఏమైందని.

మూడోది రోగం. రోజుకో పొలం తిరిగే గుర్రం గొంతువాపునూ చర్మరోగాన్నీ కూడా మోసుకుపోతుంది. దానికి తోడు పిల్లలకు దిగే అవలక్షణాలు. పరుగులో గొంతు గురకపెట్టడం, వెనక మోకాలి దగ్గర ఎముక కట్టడం, గిట్ట పక్కన మెత్తని ఎముక గట్టిపడటం. బరువు గుర్రాల్లో ఈ చివరిది ఎక్కువ. ఒక్క చెడ్డ స్టాలియన్ ఒక్క సీజనులో జిల్లా అంతా పాడుచేయగలదు. 20వ శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు పశువైద్యుడి సర్టిఫికెట్టు లేని స్టాలియన్లను కట్టడి చేసే దారి పట్టింది ఇందుకే.

ప్రశ్న: రేసు గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటేనట. నిజమా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: కాగితం మీద నిజం. ఉత్తరార్ధ గోళంలో జనవరి 1, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆగస్టు 1. ఆ రోజుకు అన్నిటికీ ఒక ఏడు పెరుగుతుంది. చూడి కాలం సుమారు 340 రోజులు కాబట్టి, వసంతంలో దాటిస్తే మరుసటి వసంతం తొలినాళ్లలో పుడుతుంది. డిసెంబరు 28న పుట్టిన పిల్ల నాలుగు రోజులకే ‘ఏడాది’ది అయిపోతుంది. దాన్ని రెండేళ్ల పందెంలో నిలబెడితే పాపం. చలి దేశాల్లో పగలు పెరిగితేనే ఆడ గుర్రం ఎదకు వస్తుంది. అందుకే డిసెంబరు నుంచే లాయంలో దీపాలు పెట్టి రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు. రెండు నెలలకు ఫలితం కనబడుతుంది.

ప్రశ్న: బర్రెలకు వేసినట్టు థరోబ్రెడ్‌లకు సూది (కృత్రిమ గర్భధారణ) ఎందుకు వేయరు? (మియాపూర్)

జవాబు: వేస్తే చూడి కడుతుంది, పిల్ల పుడుతుంది. కానీ స్టడ్‌బుక్‌లో (జాతి వంశావళి పుస్తకంలో) ఎక్కదు, రేసులో పరుగెత్తలేదు. నియమం అంతే: నేరుగా దాటించిందే థరోబ్రెడ్. ఇప్పుడు పిల్లకు డీఎన్‌ఏ పరీక్ష చేసి తండ్రెవరో తేల్చి, మెడలో చిప్ వేస్తారు. ఈ జాతి మగ వంశమంతా మూడు గుర్రాల దగ్గరికే చేరుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్.

ప్రశ్న: నాకు బరాత్‌లకు తిప్పే ఆడ గుర్రం ఉంది. ఎనిమిదేళ్లది, తెల్లది. పిల్ల తీయాలనుకుంటున్నా. తెల్ల మగ గుర్రం దొరికింది. దాటించొచ్చా? దాణాగా ఉలవలు పెడుతున్నా. (కార్వాన్)

జవాబు: రంగు చివర చూడండి అన్నా. ముందు మగదాన్ని గట్టి నేల మీద నడిపించి, దౌడు తీయించి చూడండి. కుంటు ఉందా, గురక ఉందా, కళ్లలో పొర ఉందా. నాలుగు గిట్టలూ ఎత్తి అడుగు చూడండి. దాని పిల్లలు ఎక్కడైనా ఉంటే పోయి చూడండి, అంతకన్నా మంచి సర్టిఫికెట్టు లేదు. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి తెల్లబడిన గుర్రాలకు వయసు మీరాక తోక కింద నల్ల కణుతులు రావడం మామూలు. మీ దానికీ అక్కడ తడిమి చూసుకోండి.

రెండిటికీ రక్తపరీక్ష తప్పనిసరి. ముఖ్యంగా గ్లాండర్స్ అనే అంటురోగం కోసం, అది మనుషులకు కూడా అంటుతుంది. మీ పశువైద్యుడు నమూనా తీసి హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపిస్తాడు. ఫలితం వచ్చేదాకా దాటించొద్దు.

ఉలవలు మంచివే, కానీ నానబెట్టి ఉడికించి గుగ్గిళ్లుగానే పెట్టండి. 400 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన 8 కిలోల మేత కావాలి. అందులో 6 కిలోలకు తగ్గకుండా గడ్డి ఉండాలి. దాణా ఒక్క పూటకు ఒకటిన్నర కిలో దాటొద్దు, ఉప్పు రోజుకు 30 గ్రాములు. దాణా మార్చాలంటే వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి, లేదా గిట్టలోపల వాపు వచ్చి నడక పోతుంది. ఆత్రంగా మింగే గుర్రమైతే వలస రైతులు చేసినట్టే తరిగిన గడ్డిలో దాణా కలపండి, నమలక తప్పదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. చూడి గుర్రానికి చివరి మూడు నెలలూ అసలే తప్పదు.

దాటించిన 14 నుంచి 16 రోజుల మధ్య స్కాన్ తీయించండి. కవలలుంటే అప్పుడే ఒకటి తీసేయాలి. గుర్రం కవలల్ని మోయలేదు, ఆలస్యమైతే రెండూ పోతాయి. ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు ధనుర్వాతం టీకా వేయించండి. చనుమొనల మీద మైనంలాంటి చుక్కలు కనబడితే నాలుగు రోజుల్లోపు ఈనుతుంది, ఇక బరాత్ ఒప్పుకోకండి.

ఉమ్మనీరు పోయాక అరగంటలో పిల్ల బయట పడాలి. తెల్లటి పొర రావాలి. దానికి బదులు ఎర్రని వెల్వెట్ లాంటి సంచి కనబడితే డాక్టరు కోసం ఆగొద్దు. అది మాయ ముందే ఊడిపోయిన గుర్తు, పిల్లకు గాలి అందడం లేదు. వెంటనే సంచిని చీల్చి పిల్లను లాగండి. మామూలుగా అయితే పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. పిల్ల ఆరు గంటల్లోపు లీటరుకు తగ్గకుండా ముర్రుపాలు తాగాలి. రోజు దాటితే ఆ పాలలోని రక్షణ పిల్ల ఒంటికి పట్టదు. బొడ్డుకు పలచని అయోడిన్ చాలు, ఘాటైనది కాల్చేస్తుంది. పన్నెండు గంటలైనా నల్లటి తొలి పేడ వేయకుండా తోక ఎత్తి ముక్కుతుంటే డాక్టరును పిలవండి. మగపిల్లల్లో ఇది ఎక్కువ. మూడు గంటలైనా మాయ పడకపోతే చేత్తో లాగొద్దు. వేలాడేదాన్ని తొక్కకుండా పైకి ముడివేసి, డాక్టరుకు ఫోన్ చేయండి. పడిన మాయను పారేయకుండా బకెట్లో నీళ్లు పోసి ఉంచండి. ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో ఆయన పరిచి చూసి చెబుతాడు.